లెక్కలోకి రాని కార్లు

నడక వంతెన మెట్లు ఎక్కుతూనే ఇన్‌స్పెక్టరమ్మ మూడు కీడులు ఊహించుకుంది. ఒకటి, చచ్చిపోయిన మనిషి తనంతట తాను పడలేదు. రెండు, పడేసినవాళ్ళు ఎక్కడికీ పారిపోలేదు, ఈపాటికి ఏమీ ఎరగనట్టు ఎక్కడో పని చేసుకుంటున్నారు. మూడోది మనసులో అనుకోవడానికే భయం వేసి పక్కకు నెట్టేసింది. ఈ వంతెనకు కూతవేటు దూరంలో, ఇక్కడే పెద్ద రోడ్డులో కలిసే సందులో, ఆమె కూతురు నాలుగు నెలల బిడ్డతో ఉంటోంది. అల్లుడు ఓడ మీద ఉద్యోగి. ఇంట్లో ఇంకో మనిషి లేదు.

స్టేషన్లో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, చాటున భయాలమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, మా మేడమ్ మాత్రం కీడెంచి అక్కడే కూర్చుంటుందని హెడ్డు కానిస్టేబులు నవ్వుతుంటాడు. నవ్వితే నవ్వనీ. ఆమె ఎంచిన కీడుల్లో సగానికి పైగా నిజమయ్యాయి, అందుకే ఆమె ఇంకా ఈ ఉద్యోగంలో ఉంది.

చచ్చిపోయినవాడు రవాణా ఆఫీసులో పెద్ద ఇంజనీరు. తుఫాను వచ్చేటప్పుడు సముద్రం పక్క పేటలు ఎంతసేపట్లో ఖాళీ అవుతాయో లెక్క కట్టడం ఆయన పని. కంప్యూటర్లో ఊరి రోడ్లన్నీ బొమ్మగా వేసి, వాటి మీద బొమ్మ కార్లు తోలి, ఎక్కడ ఇరుక్కుంటాయో ఎంతసేపు ఆగుతాయో చూస్తారట. దాన్ని మోడల్ అంటారు. ఇవాళ ఊరంతటికీ ఆ మోడల్ చెప్పిందే వేదవాక్కు. మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగుతుంది. పెద్ద రోడ్డు రెండు వైపులా బయటికే నడుస్తుంది. ఆరు గంటల్లో పేటలన్నీ ఖాళీ. రాత్రి ఎనిమిదింటికి గానీ ఆ రోడ్డులో పల్లపు ముక్క మీదికి నీళ్ళు రావు కాబట్టి రెండు గంటలు మిగులే. నిన్న సాయంత్రం నుంచీ మైకుల్లో ఇదే పాట.

వంతెన మీద ఆమెకంటే ముందే ఒకాయన నిలబడి ఉన్నాడు. పైఆఫీసు నుంచి వచ్చిన క్రైం బ్రాంచి ఆఫీసరు. అంత గాలిలోనూ చొక్కా మడత చెదరదు కాబట్టి డిపార్ట్‌మెంటంతా ఆయనకు ఇస్త్రీ సార్ అని పేరు పెట్టుకుంది. ఆయన ఆమెను చూసి వాచీ చూసుకున్నాడు. అది ఆయన పలకరింపు.

జరిగింది ఆయనే చెప్పాడు, చెప్పడం కాదు, ముగించాడు. రాత్రి నుంచి మెకానిక్కులందరూ ఆస్పత్రుల కరెంటు పనుల మీద ఉన్నారు. వంతెన మీది నాలుగో కెమెరాను సరిచేయడానికి పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చాడు. కమ్మీ మీదుగా వంగాడు, గాలి విసిరింది, కింద పడ్డాడు. ఏడూ పదికి పాల వ్యాను డ్రైవరు శవాన్ని చూసి ఫోన్ చేశాడు. ప్రమాదం. సంతకం పెట్టేస్తే ఉన్న మనుషులందర్నీ రోడ్ల మీదికి పంపుకోవచ్చు.

ఇన్‌స్పెక్టరమ్మ కమ్మీ దగ్గరికి నడిచింది. చీర కొంగు తలమీదుగా బిగించి కట్టుకుని, కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. శవం పడింది సముద్రం వైపు, వంతెన స్తంభానికీ నిలువెత్తు ప్రకటన బోర్డుకూ మధ్య, పిచ్చి మొక్కల్లో. బోర్డు చాటు కావడంతో దారిన పోయేవాళ్ళకు కనబడలేదు, బండి ఆపి పక్కకు వెళ్ళిన పాల వ్యాను డ్రైవరుకు తప్ప. ఆమె కొంగు చివర మాత్రం ఊరివైపు రెపరెపలాడుతోంది.

“పొద్దుటి నుంచీ గాలి ఎటునుంచి కొడుతోంది సార్?” అని అడిగింది.

“సముద్రం నుంచి. తుఫాను ఎటునుంచి వస్తుందమ్మా, కొండల మీంచా?”

“మరి గాలి విసిరితే మనిషి ఊరి వైపు పడాలి కదండీ. గాలికి ఎదురు వెళ్ళి పడ్డాడేమిటి?”

ఇస్త్రీ సార్ ఒక్క క్షణం ఆమె కొంగు వైపు చూశాడు. సుడిగాలి అన్నాడు. కాలు జారిందేమో అన్నాడు. చివరికి, మీకు ప్రతి తాడూ పామే అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు అలవాటే. ఇంట్లో కూతురు కూడా అలాగే నవ్వుతుంది, జ్వరం వచ్చిన రోజున తప్ప.

కిందికి దిగి శవం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. అరవయ్యేళ్ళ మనిషి. వానకోటు గుండీలన్నీ బుద్ధిగా పెట్టుకున్నాడు. నడుముకు మందపాటి బెల్టు, బెల్టుకు జానెడు పట్టీ, పట్టీ చివర ఇనప కొక్కెం. కమ్మీ దాటి బయటికి వంగేవాళ్ళు ఆ కొక్కేన్ని వెనకనున్న కమ్మీకి తగిలించుకుంటారు. ఊడిపోకుండా దానికొక మర ఉంది. మర బిగిస్తే ఏనుగు లాగినా రాదు. ఇప్పుడా మర పూర్తిగా, ఆఖరి చుట్టు దాకా, విప్పి ఉంది.

హెడ్డును పిలిచి ఆ బెల్టు పెట్టుకుని చూడమంది. అతను బొజ్జ లోపలికి పీల్చి ఎలాగో పెట్టుకున్నాడు. కొక్కెం సరిగ్గా వీపు మధ్యలోకి వచ్చింది. దాన్ని అందుకుని మర తిప్పమంది. అతను ఆ చేయి పెట్టాడు, ఈ చేయి పెట్టాడు, వీపు గోక్కునే ఎద్దులా గిరగిరా తిరిగాడు. అందలేదు.

“ఇంకొకరు తగిలించాలి మేడమ్. ఇంకొకరే విప్పాలి,” అన్నాడు ఆయాసపడుతూ.

గాలి తలుపులు విరగ్గొడుతుంది గానీ మర విప్పదు. ఆయన వెనక ఎవరో ఉన్నారు. వీపు అప్పగించి నిలబడ్డాడంటే, ఆయన నమ్మిన మనిషే.

ఇస్త్రీ సార్ ఆ కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈసారి నవ్వలేదు. కానీ ఒప్పుకోనూ లేదు. పన్నెండింటికి సైరన్ మోగేలోపు హంతకుణ్ణి చూపిస్తే సరే, లేకపోతే ప్రమాదమని తానే రాసేస్తానన్నాడు. అప్పటికి తొమ్మిదైంది.

రవాణా ఆఫీసు కంట్రోల్ రూముకు వెళ్ళే దారిలో కూతురు ఫోన్ చేసింది. పాలసీసాలూ గుడ్డలూ సర్దేశాననీ, కారు గుమ్మం ముందే పెట్టాననీ, సైరన్ మోగగానే బయల్దేరతాననీ చెప్పింది. బిడ్డ తుమ్మిందా అని తల్లి అడిగింది. తుమ్మలేదంది. పెట్రోలు ఉందా అని అడిగింది. నిన్న మూడుసార్లు అడిగావమ్మా, ఉందంది. ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, టైర్లలో గాలి సంగతి అడగలేదని.

కంట్రోల్ రూము గోడంతా తెరలే. ముప్పై మంది ఫోన్లలో మాట్లాడుతున్నారు. డైరెక్టరు గారు ఎదురొచ్చి విచారం ప్రకటించాడు. ఎంత మంచి మనిషో, ఎంత నష్టమో అంటూనే రెండు సార్లు గడియారం చూశాడు. తెల్లవారి ఆరింటి నుంచీ తానీ గదిలోంచి కదల్లేదన్నాడు. అడిగితే ముప్పై మందీ అదే చెప్పారు. నాలుగో కెమెరా గురించి అడిగితే, ఉదయం ఆరూ నలభైకి ఆగిపోయి ఆరూ యాభై ఎనిమిదికి మళ్ళీ వచ్చిందనీ, రోడ్డు బాగానే కనబడుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదనీ చెప్పాడు. కెమెరాను తిప్పాలంటే ముందు వైరు పీకాలట, లేకపోతే షాకు కొడుతుందట.

వైరు పీకినవాడు సరే. ఆ తర్వాత దాన్ని మళ్ళీ పెట్టిందెవరు?

మోడల్ దగ్గర కూర్చున్నది చిన్న ఇంజనీరు. పాతికేళ్ళు దాటి ఉండవు, ఇన్‌స్పెక్టరమ్మ కూతురి ఈడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. మోడల్ కట్టింది ఈ పిల్లేనట, పెద్ద ఇంజనీరు దగ్గరే పని నేర్చుకుందట. ఆయన్ని గురువుగారు అనే అంటోంది. ఆయనతో నిన్న సాయంత్రమే ఆఖరిసారి మాట్లాడానంది. ఇవాళ ఆయన ఫోన్ చేయలేదంది. తాను అద్దె గది నుంచి నేరుగా ఏడున్నరకి ఇక్కడికి వచ్చానంది. కాఫీ కూడా తాగినట్టు లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఎవరినో పంపి ఆ పిల్లకు కాఫీ తెప్పించింది, తర్వాతే ప్రశ్నలు మొదలుపెట్టింది.

డైరెక్టరు మోడల్ నడిపించి చూపించమన్నాడు. తెర మీద పెద్ద రోడ్డు వెలిగింది. చీమల బారుల్లా చుక్కలు బయలుదేరాయి. ఎక్కడా ఎరుపు లేదు, అంతా పచ్చగా, నూనె రాసిన తలలా నున్నగా జారిపోతోంది. మూలనున్న గడియారం ఆరు గంటలు చూపించేసరికి రోడ్డు ఖాళీ అయిపోయింది. డైరెక్టరు తానే వంట చేసి వడ్డించినట్టు చేతులు చాపాడు.

అందరూ పెద్ద రోడ్డే చూశారు. ఇన్‌స్పెక్టరమ్మ చూడలేదు. ఆమె కళ్ళు వెతికింది ఒక్క సందు కోసం.

“నడక వంతెన పక్క సందు ఏదమ్మా ఇందులో?”

చిన్న ఇంజనీరు వేలు పెట్టి చూపించింది. సన్నటి గీత.

“మా అమ్మాయి అందులో ఉంటుంది. ఇంకోసారి తిప్పు. దాని కారు ఎప్పుడు బయటికొస్తుందో నాకు చూపించు.”

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. ఇది పిల్లల ఆట కాదన్నాడు. ఆమె వినిపించుకోలేదు. మోడల్ మళ్ళీ మొదలైంది. సందులోంచి ఒక చుక్క వచ్చింది, ఇంకోటి వచ్చింది, చాలాసేపటికి మూడోది. తర్వాత లేవు. పెద్ద రోడ్డు నిండుగా నడుస్తోంది, సందు గీత బోసిగా ఉంది. ఆరు గంటలయ్యాయి.

“ఈ సందులో రెండొందల ఇళ్ళున్నాయి. మిగతా వాళ్ళు ఎప్పుడు వెళ్ళారు?”

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది.

“వెళ్ళలేదా? వెళ్ళకపోతే కనబడాలి కదా. ఎక్కడున్నారు?”

“బయట,” అంది చిన్న ఇంజనీరు. తెర వైపు తప్ప ఎటూ చూడలేదు. “పెద్ద రోడ్డు నిండుగా ఉంటే సందులో కారుకి దూరే చోటు దొరకదు మేడమ్. మోడల్లో రోడ్డు మీదికి వచ్చిన కారునే కారుగా లెక్కపెడుతుంది. రాలేని వాటిని గీతకి బయట ఆపుతుంది. వాటికి వేరే పట్టిక ఉంటుంది. అది... తెరిచి చూడాలి.”

“చూశారా?”

సమాధానం డైరెక్టరు ఇచ్చాడు. మామూలు రోజుల్లో ఆ పట్టికలో పదీ పరకా ఉంటాయి, ఎవరూ చూడరు, ప్రపంచంలో ఏ ఆఫీసులోనూ చూడరు అన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. పిండి మొత్తం ఒక్కసారి గరాటులో కుమ్మరించి, కింద పడిన పిడికెడే తూచి, గరాటు బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నారు. పైన కూరుకుపోయింది ఎవరికీ కానిది.

అప్పుడే ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. అనుమానం కాదు, ఏ ఇల్లాలికైనా వచ్చే ప్రశ్న. పక్క గదిలోకి వెళ్ళి డైరెక్టరు ఇంటి నంబరు కనుక్కుని ఫోన్ చేసింది. పోలీసు స్టేషన్ నుంచి, పేటల్లో ఆడవాళ్ళు సామాను సర్దుకున్నారో లేదో కనుక్కుంటున్నామని చెప్పింది. అవతల ఆయన భార్య ఎంతో మర్యాదగా మాట్లాడింది. తాము పేటలో లేమంది. నిన్న తెల్లవారుజామునే ఆయన కారెక్కించి పంపేశారట, అత్తగారితో సహా. ఇప్పుడు మెట్టప్రాంతంలో అన్నయ్య ఇంట్లో ఉన్నారట. ఇక్కడ వాన కూడా లేదండీ, పిల్లలు బయట ఆడుకుంటున్నారు అంది.

ఆరు గంటలు చాలు అని ఊరందరికీ చెప్పిన మనిషి, తన వాళ్ళకు ముప్పై గంటలు ఇచ్చుకున్నాడు.

ఈ సంగతి చెప్పగానే ఇస్త్రీ సార్‌కి రెక్కలొచ్చాయి. డైరెక్టరు జబ్బ పట్టుకుని కుర్చీలో కూలేశాడు. పెద్ద ఇంజనీరు లెక్క తప్పని కనిపెట్టాడు, నువ్వు ఎవర్నో పెట్టి తోయించావు, అవునా అని గద్దించాడు. డైరెక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అనుమానం ఉందని పెద్ద ఇంజనీరు మొన్న తనతో అన్న మాట నిజమేనని ఒప్పుకున్నాడు. జనం బెదిరిపోతారని, ఇప్పుడు కదిలించొద్దని తానే నోరు మూయించానన్నాడు. చంపించలేదని దేవుడి మీద ఒట్టేశాడు.

“వదిలెయ్యండి సార్,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “ఈయన వెనక నిలబడితే పెద్దాయన వీపు అప్పగించడు. ఈయనకి పిరికితనం ఉంది, అంతే. దాని సంగతి రేపు చూద్దాం.”

“మీరు కోర్టా, పోలీసా? దొరికినవాణ్ణి వదలమంటారేంటి?”

“దొరికినవాణ్ణి కాదు సార్, దగ్గరున్నవాణ్ణి పట్టుకున్నారు మీరు. నాకిప్పుడు దొంగ కన్నా లెక్క ముఖ్యం. టైము పదిన్నర అయింది.”

ఇస్త్రీ సార్ మెడ నరాలు ఉబ్బాయి. కూతురు ఆ పేటలో ఉందని కేసును వంటింటి వ్యవహారం చేస్తున్నారని, పైకి రిపోర్టు రాస్తానని అన్నాడు. రాసుకోమంది. కూతురు ఉంది కాబట్టే తనకా సందు కనబడిందనీ, కనబడని వాళ్ళు ఏ రిపోర్టు రాస్తారో తానూ చూస్తాననీ అంది. గది మొత్తం ఫోన్లు మానేసి వింది.

ఆమె చిన్న ఇంజనీరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట ఆగినవాటిని కూడా లెక్కలో కలిపి మళ్ళీ తోలమంది. ఆ పిల్ల పనిలోకి దిగింది. ఈసారి పేటలు ఖాళీ అయ్యేసరికి పదకొండు గంటలు పట్టింది. సైరన్ పన్నెండింటికి మోగితే, నీళ్ళు వచ్చేవేళకు ఇంకా వేల కుటుంబాలు పల్లపు రోడ్డు మీద ఉంటాయి, కార్లలో, అద్దాలెత్తుకుని.

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కుంది. మరి ఏం చేయాలని అడిగింది. ఒక్కసారిగా కాకుండా వంతులవారీగా పంపాలంది చిన్న ఇంజనీరు. దూరపు పేటలు ముందు, పెద్ద రోడ్డుకు దగ్గర సందులు ఆఖరున. రోడ్డు బిగుసుకోకుండా నడిస్తే ఏడున్నర గంటల్లో అయిపోవచ్చు. కానీ మోడల్ మాట మాత్రమే నమ్మకూడదనీ, సందు మొదట్లో నిజంగా ఎన్ని కార్లు ఆగితే ఎంతసేపట్లో పెద్ద రోడ్డెక్కుతాయో కళ్ళతో చూసిన అంకె ఒకటి వేసి దాన్ని సరిచేసుకోవాలనీ చెప్పింది. వాళ్ళ పనిలో అది మొదటి పాఠమట. చెబుతూ చెబుతూనే ఆ గడిలో అంకె కొట్టింది. నలభై మూడు. పక్కన పదహారు నిమిషాలు.

ఎక్కడా చూడలేదు. ఎవర్నీ అడగలేదు. ఇంటి నంబరు చెప్పినట్టు కొట్టింది.

“ఇది ఏ సందు అంకె?”

“వంతెన పక్కదే మేడమ్. తెల్లవారే కొందరు భయపడి బయల్దేరారు కదా.”

ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా లేచి హెడ్డును పక్కకు తీసుకెళ్ళింది. నాలుగో కెమెరా తెల్లవారి చూపించిందంతా మొదటి నుంచీ వేయించి చూసింది. అందులో పెద్ద రోడ్డు తప్ప ఏమీ లేదు. అది సందు వైపు ఎన్నడూ తిరగనేలేదు. తొమ్మిది లోపు తాను అక్కడికి వెళ్ళేసరికి సందు మొదలు ఖాళీగా ఉంది. అక్కడ కార్లు ఆగాయన్న సంగతే ఈ గదిలో ఎవరికీ తెలియదు. పాల వ్యాను డ్రైవరుకీ తెలియదు. తెలియాలంటే ఆరూ నలభైకీ ఏడుకీ మధ్య ఆ వంతెన మీద నిలబడి ఉండాలి.

అంచనా వేసే మనిషి నలభై అంటాడు, యాభై అంటాడు. నలభై మూడు అనడు. నలభై మూడు లెక్కపెట్టిన అంకె.

ఆమెకు గెలిచినట్టు అనిపించలేదు. పిల్లకి కాఫీ తెప్పించిన సంగతి గుర్తొచ్చింది. తిరిగి వచ్చి, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

“ఒక్కొక్కటే లెక్కపెట్టావా అమ్మా, ఆయన లెక్కపెట్టి నీకు చెప్పారా?”

చిన్న ఇంజనీరు వేళ్ళు ఆగిపోయాయి.

“ఇద్దరం. ఆయన పైకి లెక్కపెట్టారు, నేను మనసులో,” అంది. “ఆ పట్టిక కనబడకుండా పెట్టింది నేనే మేడమ్. ఆరు గంటలు రావాలని డైరెక్టరు గారు రోజూ అడిగేవారు. ఆ పట్టిక కలపడం ఆపేస్తే వచ్చింది. తప్పని తెలీదు అప్పుడు. తెలిశాక చెప్పలేకపోయాను. ఆయన కెమెరా సందు వైపు తిప్పి అందరికీ చూపిస్తానన్నారు. ఒకసారి లోపలికి వస్తే నేనే కొక్కెం విప్పాను, ఇంకొక్కసారి చూస్తానని మళ్ళీ బయటికి వంగారు. కొక్కెం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. తోయలేదు మేడమ్, నా మీద ఒట్టు. పెట్టలేదు, అంతే.”

సముద్రం నుంచి వచ్చే గాలి మనిషిని సముద్రం వైపు పడేయదు. ఇన్‌స్పెక్టరమ్మకు ఆ సంగతి తెలుసు. ఈ పిల్ల చెప్పిన మాటల్లో ఒకటి అబద్ధం. ఒకటి అబద్ధమైతే రెండోది ఎందుకు కాకూడదు అని ఆమె భయం ఆమెనే నిలదీసింది. ఏడున్నర గంటలన్నది కూడా ఇంకో ఆరు గంటలేనేమో.

కానీ అబద్ధం ఆడాలనుకున్న మనిషికి ఏ అంకెయినా సరిపోయేది. ముప్పై కొట్టినా, యాభై కొట్టినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తనను పట్టిచ్చే అంకెనే తీసుకొచ్చి పెట్టింది. చేయి పాపం చేసింది గానీ, ఆ చేతికి తప్పు లెక్క ఇంకోసారి వేయడం చేతకాలేదు.

ఇస్త్రీ సార్ అప్పటికే వెనక నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో ఏమో, బేడీలు చేతిలోకి వచ్చేశాయి. లేవమన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ అడ్డంగా నిలబడింది. ఈ మోడల్ ఇంకెవరికీ నడపడం రాదనీ, వంతుల టైములు ఇంకా సగం కూడా రాలేదనీ, ఈ పిల్లను ఇప్పుడు తీసుకెళ్తే పేటల్ని చేతులారా నీళ్ళలో కలిపినట్టేననీ చెప్పింది. హంతకురాలి చేతిలో ఊరు పెడతారా అని ఆయన అడిగాడు. ఆమె ఆయన చేతిలోంచి బేడీలు తీసుకుని, ఒక వైపు పిల్ల ఎడమ చేతికీ, రెండో వైపు కుర్చీకీ వేసింది.

“కుడిచేయి వదిలెయ్యండి సార్. దానితో పనుంది.”

ఇస్త్రీ సార్ కాసేపు పళ్ళు కొరికి, చివరికి తానే కుర్చీ పక్కన కాపలా నిలబడ్డాడు.

పదకొండున్నరకు వంతులు తేలాయి. నడక వంతెన సందు అన్నిటికన్నా ఆఖరు, సాయంత్రం ఐదింటికి. ఇన్‌స్పెక్టరమ్మ ఆ వరుస రెండుసార్లు చదివింది. ఆ సందు ఎందుకు ముందు పెట్టకూడదని అడగడానికి నోరు తెరిచి, మూసుకుంది. ముందు పెడితే వెనక పేటలన్నీ ఆగిపోతాయని ఇప్పుడు ఆమెకూ తెలుసు.

కూతురికి ఫోన్ చేసి, ఐదు దాకా కదలొద్దని చెప్పింది. అవతల బిడ్డ కూనిరాగం.

“అమ్మా, ఇక్కడ అందరూ కార్లు స్టార్ట్ చేస్తున్నారు. సైరన్ కోసం కూడా ఆగట్లేదు. నువ్వేనా ఆగమంటోంది? నేను ముందు గదిలో ఉంటే వెనక తలుపు గొళ్ళెం చూసొచ్చే మనిషివి నువ్వు.”

“నేనే. ఆగు.”

నాలుగో కెమెరాను హెడ్డు సందు వైపు తిప్పించాడు. తెర మీద సందు మొదట్లో హెడ్‌లైట్లు ఒకదాని వెనక ఒకటి చేరుతున్నాయి. మైకుల్లో వంతుల సంగతి అప్పటికే నాలుగుసార్లు చెప్పారు, డైరెక్టరు గొంతుతోనే. ఎవరూ వినడం లేదు. నిన్నటి దాకా ఆరు గంటలన్న గొంతు ఇవాళ ఆగమంటే ఎవరాగుతారు? సందు ముందే బిగుసుకుపోతే వెనక వంతులన్నీ చెడతాయని చిన్న ఇంజనీరు గొణిగింది.

ఇన్‌స్పెక్టరమ్మ డైరెక్టరు చేతిలోంచి మైకు తీసుకుంది. ఏం మాట్లాడాలో సర్దుకోలేదు. ఊరంతా ఉన్న స్తంభాల మీంచి ఆమె గొంతు ఆమెకే వింతగా వినబడింది.

“నేను స్టేషన్ ఇన్‌స్పెక్టర్ని. నడక వంతెన పక్క సందులో, పచ్చ గేటు ఇంట్లో నా కూతురు ఉంది. నాలుగు నెలల బిడ్డ ఉంది. కారు గుమ్మంలోనే ఉంది. వాళ్ళు ఐదింటికే కదులుతారు. అంతకుముందు కదిలితే నన్ను అడగండి.”

మైకు కింద పెట్టి నాలుగో కెమెరా తెర ముందుకు వెళ్ళింది. తెర మీద చాలాసేపు ఏ మార్పూ లేదు. తర్వాత ముందున్న కారు లైట్లు ఆరాయి. దాని వెనకది మెల్లగా వెనక్కి నడిచింది. ఇస్త్రీ సార్ ఊపిరి వదలడం అందరికీ వినబడింది.

అప్పుడు ఫోన్ మోగింది.

“అమ్మా,” అంది కూతురు, గొంతు బాగా తగ్గించి. “మైకులో చెప్పింది అందరూ విన్నారు. సందు సందంతా మన గేటు ముందు నిలబడి ఉంది. కారు ఉందో లేదో చూసి వెళ్తున్నారు. కొందరు వెళ్ళట్లేదు, ఇక్కడే కూర్చున్నారు. ఇక మధ్యలో నువ్వు రమ్మన్నా నన్ను రానివ్వరు.”